మన నేలకు ఏ ఏటీవీ? ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనేముందు చూడాల్సినవి

ఏటీవీ (ఆల్ టెర్రైన్ వెహికల్, అంటే బైకులా హ్యాండిల్ పట్టి నడిపే వెడల్పు టైర్ల నాలుగు చక్రాల బండి) కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఎన్ని సీసీ?" అని. నెల్లూరు, ప్రకాశం నేలల్లో ఆ ప్రశ్న ఆఖర్న అడిగినా నష్టం లేదు. బండి ఏ నేల మీద తిరగాలి, వెనక ఎంత బరువు లాగాలి, ఇంజను బలాన్ని చక్రాల వైపు పంపే బెల్టు తెగితే ఎన్ని రోజుల్లో కొత్తది వస్తుంది, ఈ మూడూ తేలితే సీసీ దానంతటదే తేలిపోతుంది.

అంతకంటే ముందు, మీకు అసలు ఏటీవీ కావాలా అన్నది చూసుకోండి. దీనికి ట్రాక్టర్‌కు ఉన్నట్టు పీటీఓ (ఇంజను బలంతో పనిముట్లను తిప్పే ఇరుసు) ఉండదు, హైడ్రాలిక్ లిఫ్ట్ ఉండదు. రోటవేటర్ తిప్పడం, దమ్ము చేయడం దీనివల్ల కాదు. మీ పనిలో సగానికి పైగా దుక్కే అయితే ఆ డబ్బుతో 20 నుంచి 28 హార్స్‌పవర్ ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టర్ కొనుక్కోవడం తెలివైన పని. ఏటీవీ సత్తా వేరే చోట ఉంది. రొయ్యల గుంటల గట్ల మీద మేత బస్తాలు చేరవేయడం, రాత్రిపూట ఏరియేటర్లు (గుంట నీటిలో గాలి కలిపే యంత్రాలు) చూసి రావడం, నిమ్మతోటలో మందు కొట్టడం, జామాయిల్, సుబాబుల్ తోటల చుట్టూ కంచె చూసుకోవడం, సరుగుడు తోపుల్లో ఇసుక దారిన తిరగడం లాంటివన్నీ దీని పనులు. మధ్యరకం ఏటీవీ బరువు 320 నుంచి 380 కిలోలు, టైర్లు వెడల్పు, గాలి తక్కువ. ట్రాక్టర్ ఎక్కితే కుంగిపోయే మెత్తటి గట్టు మీద ఇది తేలిగ్గా పోతుంది.

ముందు కాగితాలు

చాలామంది బండి ఇంటికొచ్చాక గానీ ఆలోచించని విషయం ఇది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని మోటారు బండిని బహిరంగ స్థలంలో నడపకూడదు. మన దగ్గర అమ్మే ఏటీవీల్లో ఎక్కువ భాగం ఆఫ్‌రోడ్ వాడకానికి మాత్రమే. వాటికి నంబరు ప్లేటు రాదు. మీ తోట ఒకవైపు, గుంటలు రెండోవైపు ఉండి మధ్యలో పంచాయతీ రోడ్డు ఉంటే, ఆ పది గజాలు దాటడం కూడా లెక్కలోకే వస్తుంది. అక్కడ ఎవరికైనా తగిలితే బీమా కంపెనీ వైపు నుంచి ఏమీ రాదు.

పోలారిస్ కంపెనీ స్పోర్ట్స్‌మన్ 570ని మన దేశంలో ట్రాక్టర్ కింద రిజిస్టర్ చేయించుకునేలా ఒక మోడల్‌గా తెచ్చింది. రోడ్డు దాటక తప్పని వాళ్లు అలాంటి మోడలే వెతకాలి. "రిజిస్ట్రేషన్ చేయించి ఇస్తాం సార్" అన్న నోటిమాట చాలదు. ఆ మోడల్ టైప్ అప్రూవల్ (రిజిస్ట్రేషన్‌కు ఆ మోడల్‌ను ఆమోదించిన పత్రం) కాపీ, ఇన్‌వాయిస్‌లో ఛాసిస్ నంబరు, ఏ తరగతి వాహనంగా నమోదవుతుందో రాతపూర్వకంగా ఉండాలి. అడ్వాన్సు ఇవ్వకముందే ఆ కాపీ పట్టుకుని ఆర్టీఓ ఆఫీసులో ఒకసారి చూపించండి. నంబరు రాని బండిని ఒక పొలం నుంచి ఇంకో పొలానికి చేర్చాలంటే టాటా ఏస్ లాంటి దాని మీద ఎక్కించి తీసుకెళ్లడమే.

నేలను బట్టి టైరు

నెల్లూరు, ప్రకాశం వైపు ఒకే బండి మీద నాలుగు రకాల నేల తగులుతుంది. తీరం వెంబడి ఇసుక, గుంటల దగ్గర చౌడు మట్టి, లోపలికి వస్తే నల్లరేగడి, కనిగిరి, ఉదయగిరి వైపు రాళ్లు తేలిన ఎర్రనేల. అన్నిటికీ సరిపోయే టైరు లేదు. ఎక్కువ గంటలు ఎక్కడ తిరుగుతుందో దానికి తగ్గది వేసుకుని, మిగతా చోట్ల గాలి తగ్గించో పెంచో సర్దుకోవాలి.

ఇసుకకు వెడల్పు టైరు, గుండ్రటి అంచు, తక్కువ ఎత్తు గుబ్బలు కావాలి. లోతు గుబ్బల మడ్ టైరు ఇసుకలో తవ్వుకుంటూ కిందికి దిగిపోతుంది. నల్లరేగడికి దీనికి పూర్తిగా తిరగబడ్డ లెక్క. గుబ్బలు ఎత్తుగా, ఒకదానికొకటి ఎడంగా ఉండాలి, లేకపోతే మట్టి మధ్యలో పట్టేసి టైరు నున్నటి రోలరై కూర్చుంటుంది. కానీ నిజం చెప్పాలంటే, బాగా వాన పడ్డ రేగడిలో ఏ టైరూ నిలబడదు. పైన పొర కాస్త ఆరేదాకా ఆగడమే దానికి మందు. మడ్ టైరు కోసం అదనంగా డబ్బు పోస్తే అది రాళ్ల దారిలో స్టీరింగ్‌ను వణికిస్తుంది, గట్టు మీద మట్టిని చీల్చి పెడుతుంది. మన పనులకు ఆల్ టెర్రైన్ రకం, 6 ప్లై (ఆరు పొరల బలం ఉన్న) టైరు ఉత్తమం. సాధారణంగా వచ్చే సైజులు ముందు 25×8-12, వెనక 25×10-12.

6 ప్లై ఎందుకంటే చిల్లకంప కోసం. ముల్లు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. కొడవలితో ఏటవాలుగా నరికిన చిల్లకంప మోడు ఎండాక మేకులా గట్టిపడుతుంది, గడ్డిలో కనిపించదు. అది టైరు పక్కగోడలో దిగితే ప్లగ్గు నిలవదు, టైరు మార్చాల్సిందే. కాబట్టి బండి తిరిగే దారిలో కంపను నేలమట్టానికి నరికించండి, వీలైతే వేరుతో తీయించండి. నడిమి భాగంలో దిగే ముళ్లకు ట్యూబ్‌లెస్ ప్లగ్ కిట్, బ్యాటరీకి తగిలించే 12 వోల్టుల చిన్న కంప్రెసర్ చాలు. టైరు సీలెంట్ ద్రవం ముందే పోయించుకుంటే చిన్న ముళ్ల గొడవ చాలావరకు పోతుంది.

గాలి సంగతి. ఏటీవీ టైరుకు మామూలుగా 5 నుంచి 7 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మాత్రమే. బైకుకో జీపుకో పట్టినట్టు 25 పడితే బండి బంతిలా ఎగురుతుంది, టైరు ఉబ్బి నడిమి భాగమే అరిగిపోతుంది. బంకులో ఉండే గేజి ఇంత తక్కువ ఒత్తిడిని సరిగా చూపించదు. 0 నుంచి 15 పీఎస్ఐ దాకా చూపే లో ప్రెషర్ గేజి విడిగా కొనుక్కోండి. ఇసుకలో కూరుకుపోయినప్పుడు 4కి దించితే చాలాసార్లు బండి దానంతటదే బయటికొస్తుంది. గట్టి దారి ఎక్కగానే మళ్లీ పట్టాలి, మర్చిపోతే రాయి తగిలి రిమ్ము సొట్టపోతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ అని రాసి ఉంటే సరిపోదు

స్టిక్కరు మీద 4×4 అని అన్నిటికీ ఉంటుంది. లోపల మూడు రకాలు. మొదటిది, ముందు డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలాన్ని పంచే గేరు పెట్టె) ఓపెన్‌గా ఉండేది. ముందు రెండు చక్రాల్లో ఒకటి గాల్లోకి లేచినా, బురదలో జారినా బలమంతా దానికే పోయి అది ఊరికే తిరుగుతుంది, రెండోది కదలదు. రెండోది, లిమిటెడ్ స్లిప్. కొంత బలం రెండో చక్రానికి పంపుతుంది. మూడోది, స్విచ్ నొక్కితే పూర్తిగా లాకయ్యేది, లేదా వెనక చక్రాలు జారగానే ముందు రెండూ తమంతట తామే పట్టుకునేది. గుంటల గట్టు, రేగడి, ఇసుక ఈ మూడింటికీ మూడో రకమే కొనాలి. మిగతావి చవగ్గా వస్తాయి, మొదటి వానాకాలానికే ఆ చవక ఎందుకో అర్థమవుతుంది.

షోరూంలో సిమెంటు మీద తిప్పి చూస్తే ఇది తెలియదు. వదులు ఇసుకో మెత్తటి మట్టో ఉన్న చోటికి తీసుకెళ్లమనండి. వెనక చక్రాలను చిన్న గుంతలో దించి, 4×4 వేసి నెమ్మదిగా థ్రాటిల్ ఇవ్వండి. ఒక మనిషి పక్కన నిలబడి ముందు రెండు చక్రాలూ మట్టిని వెనక్కి తోస్తున్నాయా లేదా చూడాలి. రివర్సులో కూడా ఇదే చేయండి. కొన్ని బండ్లలో రివర్సులో ఫోర్ వీల్ పనిచేయాలంటే ఇంకో బటన్ పట్టుకుని ఉండాలి. అది తెలియక "రివర్సు పనిచేయట్లేదు" అని మెకానిక్ దగ్గరికి తోలుకెళ్లేవాళ్లు ఉన్నారు. లాకు వేసి గట్టి నేల మీద మలుపు తిప్పొద్దు. స్టీరింగ్ బిగుసుకుపోతుంది, యాక్సిల్ జాయింట్ల మీద భారం పడుతుంది, తోటలో అయితే డ్రిప్ లేటరల్ పైపులను టైరు ఈడ్చుకుపోతుంది.

వెనక సస్పెన్షన్ విషయంలో రెండు దారులున్నాయి. రెండు చక్రాలకూ వేర్వేరుగా ఉండే ఇండిపెండెంట్ రకం రాళ్ల దారిలో సుఖం, కింద ఖాళీ 11 అంగుళాల చుట్టుపక్కల వస్తుంది. ఒకే కడ్డీలా ఉండే సాలిడ్ యాక్సిల్ రకం బరువు ఎక్కించినా కుంగదు, భాగాలు తక్కువ, రిపేరు చవక, కానీ మధ్యలో గేర్ హౌసింగ్ కిందికి వేలాడుతుంది. ట్రయల్ రైడింగ్ సరదా కూడా ఉంటే ఇండిపెండెంట్ తీసుకోండి. మేత మోతే ముఖ్యమైతే సాలిడ్ యాక్సిల్ నష్టమేమీ కాదు. ఏది తీసుకున్నా పవర్ స్టీరింగ్‌కు మాత్రం డబ్బు దాచుకోవద్దు. రాయి తగిలినప్పుడు హ్యాండిల్ చేతిలోంచి గుంజుకుపోకుండా ఆపేది అదే.

ఇంజను, ఎండ, పెట్రోలు

450 నుంచి 570 సీసీ సింగిల్ సిలిండర్ మన పనులకు చాలు. 850, 1000 సీసీలు వేగానికి తప్ప గట్టు మీద అక్కరకు రావు, పైగా కాళ్ల దగ్గర వేడి భరించలేం. ఒంగోలు, నెల్లూరు మే నెల ఎండలో గంటకు ఆరేడు కిలోమీటర్ల వేగంతో ట్రాలీ లాగే బండికి ఎదురుగాలి అందదు. కాబట్టి లిక్విడ్ కూలింగ్, ఫ్యాను ఉన్నదే తీసుకోండి. రేడియేటర్ ముందు భాగంలో ఎంత ఎత్తులో ఉందో కూడా చూడండి. కిందికి ఉంటే రేగడి మట్టి దాని రెక్కల మధ్య పట్టి, ఎండితే ఇటుకలా తయారవుతుంది. వేడెక్కి ఆగిపోయే బండ్లలో చాలావాటికి ఇదే జబ్బు. కడిగేటప్పుడు ఇంజను వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టాలి. సర్వీసింగ్ సెంటర్ ప్రెషర్ గన్ ముందు నుంచి కొడితే మట్టి ఇంకా లోపలికి పోతుంది, సన్నటి రెక్కలు వంగిపోతాయి.

పెట్రోలు దగ్గర ఒక చిక్కుంది. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. విదేశీ ఏటీవీలు చాలావాటి మాన్యువల్‌లో 10 శాతం దాకానే అనుమతి ఉంటుంది. ఈ20 వాడితే వారంటీ నిలుస్తుందా అని డీలర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. తీరప్రాంతంలో బండిని నెలల తరబడి సగం ట్యాంకుతో వదిలేస్తే అడుగున నీరు చేరుతుంది. వాడని కాలంలో ట్యాంకు నిండుగా ఉంచడమో, పూర్తిగా ఖాళీ చేయడమో చేయాలి. పాత కార్బ్యురేటర్ బండి అయితే బౌల్ కూడా ఖాళీ చేయాలి. కొత్తది కొంటుంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ తప్ప వేరే ఆలోచన వద్దు.

బెల్టు

ఏటీవీలో ఎక్కువసార్లు ఇబ్బంది పెట్టేది ఇంజను కాదు, సీవీటీ బెల్టు. స్కూటర్‌లో ఉన్నట్టే రెండు పుల్లీల మధ్య రబ్బరు బెల్టు తిరుగుతుంది. బరువు లాగుతూ హై గేర్‌లో నెమ్మదిగా వెళితే బెల్టు పుల్లీ మీద జారుతుంది, కాలుతుంది, ఒకచోట అరిగి గాడి పడుతుంది. ఆ తర్వాత బయల్దేరిన ప్రతిసారీ బండి గుంజుతుంది, కొన్నాళ్లకు తెగుతుంది. సూత్రం తేలిక: ట్రాలీ ఉన్నా, ఎత్తు ఎక్కుతున్నా, వేగం గంటకు 10 కిలోమీటర్లు దాటకపోయినా లో గేరే. కొన్న రోజే ఒక బెల్టు, దాన్ని విప్పే పుల్లర్ పనిముట్టు తీసుకుని సీటు కింద పడేయండి. బెల్టు పార్టు నంబరు చెప్పి "ఇది మీ దగ్గర స్టాకుందా, లేకపోతే ఎన్ని రోజులు?" అని అడిగితే డీలర్ సంగతి ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది.

నీళ్లలో దిగినప్పుడు సీవీటీ పెట్టెలోకి నీరు పోతే ఇంజను అరుస్తుంది గానీ బండి కదలదు. అలాంటప్పుడు థ్రాటిల్ పీకితే బెల్టు మాడిపోతుంది. పెట్టె అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్గు తీసి నీరు వదిలి, న్యూట్రల్‌లో పది పదిహేను సెకన్లు కొద్దిగా రేస్ చేసి ఆపండి, ఆరేదాకా మళ్లీ చేయండి. కొనేటప్పుడే ఆ ప్లగ్గు, గాలి పీల్చే పైపు మూతి ఎక్కడున్నాయో చూపించమనండి. మూతి సీటుకు పైన, హ్యాండిల్ దగ్గర ఉన్న బండి మంచిది.

బరువు లెక్క

ఇక్కడ అంచనాలు పనికిరావు. మధ్యరకం బండికి ముందు రాక్ (సామాను పెట్టే చట్రం) మీద సుమారు 40 కిలోలు, వెనక రాక్ మీద 80 కిలోలు హద్దు. అంటే 25 కిలోల మేత బస్తాలు వెనక మూడే. మందు కొట్టడానికి 100 లీటర్ల ట్యాంకు రాక్ మీద పెడితే నీళ్లే 100 కిలోలు. ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ పట్టదు, గట్టు ఎక్కేటప్పుడు వెనక్కి తిరగబడుతుంది. రాక్ మీదికి 60 లీటర్లు చాలు, అదీ లోపల అడ్డు పలకలున్న ట్యాంకు. సగం నిండిన ట్యాంకులో నీళ్లు మలుపులో ఒకవైపుకు పరుగెత్తి బండిని లాగేస్తాయి.

లాగే శక్తి ఈ తరగతి బండ్లకు 550 నుంచి 600 కిలోలు. ఇందులో ట్రాలీ సొంత బరువు కూడా కలిసి ఉంటుంది. మన వెల్డింగ్ షాపుల్లో చేయించే ట్రాలీ 120 కిలోలకు తక్కువ ఉండదు. అంటే మేత 16 బస్తాలు పెడితే 520 కిలోలు, అక్కడితో ఆపాలి. బరువులో పదో వంతు హుక్కు మీద పడేలా బస్తాలు ఇరుసుకు కొంచెం ముందుకు సర్దాలి. వెనక్కి సర్దితే ట్రాలీ హుక్కును పైకి లేపి వెనక చక్రాల పట్టు తీసేస్తుంది. ఏటీవీ ట్రాలీకి బ్రేకులుండవు గనుక దిగుడులో ఇంజిన్ బ్రేకింగ్ (థ్రాటిల్ వదిలితే ఇంజనే బండిని నెమ్మది చేయడం) ఉన్న మోడలే శరణ్యం.

విన్చ్ (కూరుకుపోయిన బండిని తాడుతో లాగే మోటారు) విషయంలో, బండి, మనిషి, సామాను కలిపిన బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగలిగేది తీసుకోవాలి. 570 బండికి 2,500 పౌండ్లది సరిపోతుంది, రేగడి బురదలో తిరిగే బండికి 3,500 పౌండ్లది నయం. ఉప్పు గాలిలో స్టీలు తాడు తుప్పు పట్టి పోగులు లేచి అరచేతిని చీరేస్తుంది, సింథటిక్ తాడు వేయించండి. లాగేటప్పుడు విన్చ్ వంద ఆంపియర్లకు పైనే గుంజుతుంది. ఇంజను ఆన్‌లో ఉంచి, కొద్దికొద్దిగా లాగి ఆపుతూ ఉండాలి. లేదంటే బ్యాటరీ నీరసించి తర్వాత స్టార్టరే తిరగదు.

గట్టు సంగతి విడిగా చెప్పాలి. గుంటల గట్టు పైభాగం కనీసం రెండు మీటర్లు ఉండాలి, బండి వెడల్పే 1.2 మీటర్లు. గట్టు వాలు ఒకటికి ఒకటిన్నర (ఒక వంతు ఎత్తుకు ఒకటిన్నర వంతు అడ్డం) ఉంటే అది 34 డిగ్రీలు, ఒకటికి రెండు ఉన్నా 27 డిగ్రీలు. ఏటీవీలు చాలావాటి మీద అతికించే హెచ్చరిక స్టిక్కర్లు 15 నుంచి 25 డిగ్రీల దగ్గరే ఆపమంటాయి. గట్టు పక్కవాలు మీద అడ్డంగా నడపడం ప్రాణాలతో ఆట. ఒకే సీటు బండి మీద రెండో మనిషిని ఎక్కించడం, 16 ఏళ్లలోపు పిల్లల చేతికివ్వడం కూడా అంతే. హెల్మెట్ పొలంలోనూ పెట్టుకోవాల్సిందే.

సరదాగా తిప్పడానికి

సొంత భూమి, అనుమతి ఇచ్చిన తోటలు, ప్రైవేటు ట్రాకులు తప్ప వేరే చోట్ల తిప్పాలన్న కోరిక మానుకోండి. నల్లమలలో పెద్ద భాగం నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. పెంచలకోన చుట్టూ అడవి పెనుశిల నరసింహ వన్యప్రాణి అభయారణ్యం. అనుమతి లేకుండా లోపలికి బండి దించితే అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది, బండి జప్తు కావచ్చు. తీరంలో జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. ఇసుక మీద బండి వెళితే కింద గుడ్లు నలుగుతాయి, చక్రాల గాడుల్లో చిక్కుకున్న తాబేలు పిల్లలు సముద్రం చేరలేవు. ఆ నెలల్లో ఒడ్డు వైపు వెళ్లకపోవడమే మర్యాద.

పాత బండి అయితే

పాతవాటిలో చాలా భాగం రిసార్టుల నుంచి వస్తాయి. రోజుకో కొత్త చెయ్యి పడిన బండ్లవి. స్క్రీన్ మీద కిలోమీటర్లను గంటలతో భాగించండి. సగటు బాగా తక్కువుంటే అది ఎక్కువగా నిలబడి, నెమ్మదిగా తిరిగిన బండి. కిలోమీటర్లు తక్కువన్న మాటకు మురిసిపోవద్దు.

వెళ్లేటప్పటికి ఇంజను చల్లగా ఉండాలని ముందే చెప్పండి. చెయ్యి పెట్టి చూసి, వెచ్చగా ఉంటే ఇంకో రోజు రండి. చల్లటి ఇంజను ఎలా స్టార్టవుతుందో చూడటానికే కదా వెళ్లింది. ముందు భాగాన్ని జాకీతో లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమంటే బేరింగ్ గానీ బాల్ జాయింట్ గానీ పోయినట్టే. యాక్సిల్ చివర్ల ఉండే నల్ల రబ్బరు బూట్లను మడతలు విప్పి చూడండి. చిన్న చిరుగున్నా లోపలి గ్రీజు పోయి మట్టి చేరి ఉంటుంది, పూర్తిగా తిప్పి నడిపితే టిక్ టిక్ మని వినిపిస్తుంది. ముందు, వెనక గేర్ కేసుల డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు తీయండి. నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే బండి నీళ్లలో మునిగింది. గుంటల దగ్గర తిరిగిన బండి అయితే సీటు తీసి వైరింగ్ కనెక్టర్లు ఊడదీసి చూడండి. లోపల ఆకుపచ్చటి పొడి ఉంటే ఉప్పు పట్టింది, అలాంటి బండికి ఎలక్ట్రికల్ గొడవలు ఆగవు. ఆఖరికి దూరం నుంచి నిలబడి ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే వరసలో ఉన్నాయేమో చూడండి. ఫ్రేము వంగిన బండి నేరుగా నడవదు.

ఇంటికొచ్చాక మొదటి నెల

కొత్త బండికి మొదటి ఆయిల్ మార్పు 20 నుంచి 25 గంటల దగ్గర, తర్వాత సుమారు 100 గంటలకోసారి. కిలోమీటర్లు కాదు, గంటలు చూడాలి. దుమ్ము కాలంలో ఎయిర్ ఫిల్టరు వారానికోసారి విప్పాలి. ఉప్పునీటి గుంటల్లో తిరిగిన రోజు సాయంత్రం మంచినీళ్లతో అడుగు భాగం కడిగి, కనెక్టర్లలో డై ఎలక్ట్రిక్ గ్రీజు రాయాలి. మొదటి పది గంటలయ్యాక చక్రాల నట్లు, రాక్ బోల్టులు మరోసారి మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు కొలతకు) బిగించండి. ట్రాలీ హుక్కు బోల్టు ఆ జాబితాలో ఉండకపోవచ్చు, దాన్నీ బిగించండి.